పాత ట్యాబ్‌కి నిలకడగా పనిచేసే కస్టమ్ రోమ్ ఎంచుకోవడం ఎలా

కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం హడావిడిగా కొన్న ట్యాబ్‌లు ఇప్పుడు చాలా ఇళ్లలో టీవీ స్టాండ్ సొరుగులో పడి ఉన్నాయి. స్క్రీన్ బాగానే ఉంటుంది, ఛార్జింగూ ఎక్కుతుంది. కానీ ఏ యాప్ నొక్కినా తెరుచుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. కొత్త యాప్ వేద్దామంటే ఈ పరికరానికి పనికిరాదని ప్లే స్టోర్ చెప్పేస్తుంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఏళ్లయింది. ఇలాంటి ట్యాబ్‌ని మళ్లీ వాడకంలోకి తెచ్చే దారి కస్టమ్ రోమ్. అంటే కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి, బయటి డెవలపర్లు అదే మోడల్ కోసం తయారుచేసిన ఆండ్రాయిడ్ వేసుకోవడం.

ఎలా వేయాలో చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఏది వేయాలో తేల్చుకునే దగ్గరే జనం బోల్తా పడతారు. "నీ ట్యాబ్‌కి ఆండ్రాయిడ్ 15 వచ్చిందట" అనగానే ఎగబడి వేసేసి, కెమెరా పోయిందనో, రాత్రి పడుకునేలోపు బ్యాటరీ ఖాళీ అయిందనో తల పట్టుకుంటారు. పాత ట్యాబ్ విషయంలో ఆండ్రాయిడ్ వెర్షన్ ఆఖరున చూడాల్సిన సంగతి. ఆ రోమ్‌ని ఎవరు చూసుకుంటున్నారు, ఇప్పటికీ చూసుకుంటున్నారా, ఏవి పనిచేయవని వాళ్లే ఒప్పుకున్నారు, ఈ మూడూ ముందు తేల్చుకోవాలి. అందుకే ఇక్కడ ఎంపిక గురించే ఎక్కువ చెబుతాను, ఇన్‌స్టాల్ గురించి కావలసినంత వరకే.

1. ముందు ట్యాబ్‌ని తిప్పి చూడండి

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ట్యాబ్‌ని బల్ల మీద బోర్లా పెట్టి పక్క నుంచి చూడండి. వెనక డొక్క ఉబ్బినట్టున్నా, స్క్రీన్ అంచు ఫ్రేమ్ నుంచి కాస్త లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలాంటిదాన్ని ఛార్జింగ్‌కి కూడా పెట్టకండి, రోమ్ మాట తర్వాత. ముందు బ్యాటరీ మార్పించాలి, లేదా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయాలి.

బ్యాటరీ బాగుంటే, ఈ ట్యాబ్‌తో ఏం చేయబోతున్నారో అనుకోండి. అమ్మకి పొద్దున్నే సుప్రభాతం, సాయంత్రం ప్రవచనాలు వినడానికా? పిల్లలకి పీడీఎఫ్ పుస్తకాలకా? వంటింట్లో వీడియోలకా? ఓటీటీలో సినిమాలు హెచ్‌డీలో చూడటమే ముఖ్యమైతే ఇక్కడే ఆగి ఆలోచించండి. ట్యాబ్ ఆన్ చేయగానే ఆండ్రాయిడ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్‌ని బూట్‌లోడర్ అంటారు, దానికి కంపెనీ వేసిన తాళం తీస్తేనే కస్టమ్ రోమ్ ఎక్కుతుంది. అలా బూట్‌లోడర్ అన్‌లాక్ చేశాక చాలా ట్యాబ్‌లలో వైడ్‌వైన్ అనే కాపీ రక్షణ పై స్థాయి ఎల్1 నుంచి కింది స్థాయి ఎల్3కి పడిపోతుంది. అప్పుడు నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి మామూలు ఎస్‌డీ నాణ్యతలోనే వస్తాయి. యూట్యూబ్‌కి ఈ బాధ లేదు.

బ్యాంకు యాప్‌ల గురించి టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. బూట్‌లోడర్ తెరిచిన పరికరంలో పరికరం కంపెనీ ఇచ్చినట్టే ఉందా అని చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష తప్పే అవకాశం ఉంది కాబట్టి కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి, నిజమే. కానీ వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌లో యూపీఐ ఎలాగూ నడవదు. అందులో సిమ్ ఉండదు, బ్యాంకులో నమోదైన నంబరు నుంచి ఎస్ఎంఎస్ వెళ్లే దారి లేదు. లేనిదాన్ని పోగొట్టుకునేదేమీ లేదు కదా.

ఇంకో మాట. బడి ఇచ్చిన ట్యాబ్, ఆఫీసు ఇచ్చిన ట్యాబ్ జోలికి వెళ్లకండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చిన ట్యాబ్‌ల లాంటివాటిని దూరం నుంచే అదుపు చేసే సాఫ్ట్‌వేర్‌తో బిగించి ఇస్తారు. దాన్ని తీసేయాలని చూడటం సాంకేతికంగా తలనొప్పి, పైగా అది మీ సొంత సొత్తు కాదు. ఐప్యాడ్ ఉన్నవాళ్లు కూడా ఇక చదవక్కర్లేదు. ఆపిల్ సంతకం లేని ఆపరేటింగ్ సిస్టమ్ దాంట్లోకి ఎక్కదు.

2. పేరు కాదు, మోడల్ నంబరు పట్టుకోండి

"నాది శాంసంగ్ ట్యాబ్ ఎ7" అంటే సరిపోదు. సెట్టింగ్స్‌లో అబౌట్ ట్యాబ్లెట్‌కి వెళ్లి మోడల్ నంబరు కాగితం మీద రాసుకోండి. వెనక వైపు సన్న అక్షరాల్లో కూడా ఉంటుంది.

ఎందుకింత పట్టుదల అంటారా? గెలాక్సీ ట్యాబ్ ఎ7 10.4 అంగుళాలదే చూడండి. 2020లో వచ్చిన ఎస్ఎం-టి500లో స్నాప్‌డ్రాగన్ 662 చిప్ ఉంది. అదే ట్యాబ్ సిమ్ వేసుకునే రకం అయితే ఎస్ఎం-టి505. ఆ తర్వాత అదే పేరుతో, అదే రూపంతో ఎస్ఎం-టి503, టి509 వచ్చాయి. వాటిలో ఉన్నది యూనిసాక్ టి618 చిప్. పేరొకటే, పెట్టె ఒకటే, లోపల మాత్రం సంబంధం లేని సరుకు. టి500 కోసం చేసిన రోమ్ టి509 మీద పనిచేయదు.

మోడల్ నంబరు దొరికాక కోడ్‌నేమ్ కనుక్కోండి. డెవలపర్లు ట్యాబ్‌ని పిలుచుకునే పేరు అదే. టి500 కోడ్‌నేమ్ జీటీఏ4ఎల్‌వైఫై. టి505ది చివర వైఫై లేకుండా జీటీఏ4ఎల్. ట్యాబ్ ఎస్5ఈ వైఫై రకం, అంటే ఎస్ఎం-టి720, జీటీఎస్4ఎల్‌వీవైఫై. గూగుల్ కోసం ఆసుస్ తయారుచేసిన నెక్సస్ 7 2013 మోడల్‌లో వైఫైది ఫ్లో, ఎల్‌టీఈది డెబ్. మీరు దించుకునే రోమ్ ఫైలు పేరులో ఈ కోడ్‌నేమ్ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. "దాదాపు అదే మోడల్ కదా" అనే మాట ఇక్కడ చెల్లదు.

చిప్ చూస్తే మీ అదృష్టం సగం తెలిసిపోతుంది. క్వాల్‌కామ్ తన చిప్‌లకి సంబంధించిన కోడ్ చాలావరకు బయట పెడుతుంది కాబట్టి స్నాప్‌డ్రాగన్ ట్యాబ్‌లకి మంచి రోమ్‌లు దొరుకుతాయి. శాంసంగ్ సొంత ఎక్సినోస్ చిప్‌లు మధ్యస్తం. కొన్నిటికి బ్రహ్మాండంగా ఉంటాయి, 2016 నాటి ట్యాబ్ ఎ 10.1 లాంటివి అనధికారిక రోమ్‌ల మీదే బతుకుతున్నాయి. మీడియాటెక్, యూనిసాక్ చిప్‌లున్న చవక ట్యాబ్‌లకి వెతుకులాట ఎక్కువ, దొరికేది తక్కువ. ఊరూ పేరూ లేని కంపెనీ ట్యాబ్ అయితే ఆశ వదులుకోవడమే మంచిది.

3. ఎవరు చేశారో చూడండి

మొదట వెతకాల్సింది లైనేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ వికీలో. ఒకప్పుడు అందరి నోట్లో నానిన సయనోజెన్‌మోడ్ రోమ్ 2016 డిసెంబర్‌లో మూతపడ్డాక దాని కోడ్‌ని అందుకుని మొదలైన ప్రాజెక్టు ఇది. మీ కోడ్‌నేమ్‌కి అక్కడ పేజీ ఉండి, తాజా బిల్డ్ (తయారైన రోమ్ ఫైలు) దొరుకుతుంటే ఇంకెక్కడా తిరగక్కర్లేదు, అదే వేసుకోండి.

నేనింత ధీమాగా చెప్పడానికి కారణం వాళ్లు పెట్టుకున్న నియమాలు. అధికారిక జాబితాలోకి రావాలంటే ఆ ట్యాబ్‌తో వచ్చిన వైఫై, బ్లూటూత్, కెమెరా, స్పీకరు, సెన్సర్లు పనిచేయాలి. ఎస్ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ పూర్తిగా అమల్లో ఉండాలి. ఆ మోడల్ రోమ్‌ని చూసుకునే డెవలపర్‌ని మెయింటైనర్ అంటారు, అతని చేతిలో ఆ ట్యాబ్ ఉండాలి. మెయింటైనర్ వదిలేస్తే బిల్డ్‌లు ఆగిపోతాయి, ఆ సంగతి పేజీలోనే రాస్తారు. చెప్పకుండా చేతులెత్తేసే పద్ధతి కాదు.

గూగుల్ వాసన వద్దనుకునేవాళ్లకి ఈ-ఓఎస్ ఉంది. అదీ లైనేజ్ మీద కట్టిందే. గూగుల్ సేవల బదులు వాటి పని చేసే ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయం మైక్రోజీ పెట్టి ఇస్తుంది. తక్కువ మెమరీ ఉన్న ట్యాబ్‌కి ఇదొక లాభం కూడా, వెనకాల నడిచే గూగుల్ సరంజామా తగ్గుతుంది. అయితే దాంట్లో కూడా మీ కోడ్‌నేమ్ జాబితాలో ఉండాలి.

అధికారికం దొరక్కపోతే అప్పుడు అనధికారిక రోమ్‌ల వైపు. ఇవి ఎక్కువగా ఎక్స్‌డీఏ అనే డెవలపర్ల ఫోరంలో దొరుకుతాయి. ఇక్కడ మంచివీ ఉన్నాయి, ఆరంభశూరత్వం బాపతు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. ఓ ఇంజినీరింగ్ కుర్రాడు సెలవుల్లో ఉత్సాహంగా ఒక రోమ్ కడతాడు, రెండు అప్‌డేట్లు ఇస్తాడు, కొత్త ఫోన్ కొనుక్కుని వెళ్లిపోతాడు. అతని తప్పేమీ లేదు, ఊరికే చేసి పెట్టాడు. కానీ ఆ రోమ్ మీద మీరు ఇల్లు కట్టుకోకూడదు. మంచిదేదో చెడ్డదేదో పట్టుకోవడం తర్వాతి మెట్టు.

4. పనిచేయనివాటి జాబితా చదవండి

రోమ్ పేజీ తెరవగానే చూపు ఫీచర్ల మీదికి పోతుంది. దాన్ని వదిలేసి పనిచేయనివేవో రాసిన చోటికి వెళ్లండి. మూడు రకాలుగా ఉంటుంది.

"జీపీఎస్ పట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది, వెనక కెమెరాలో వీడియో తీస్తే శబ్దం రాదు" అని రాసినవాడు ట్యాబ్‌ని వాడి చూశాడు. ఆ లోపాలు మీకు అడ్డం కాకపోతే ఇది నమ్మదగ్గ రోమ్. వంటింట్లో పాటలు వినే ట్యాబ్‌కి జీపీఎస్ ఎందుకు?

"యూ టెల్ మీ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు కొందరు. ఏం పనిచేయవో మీరే చెప్పండి అని. అనధికారిక రోమ్‌లలో ఇది ఒక ఆనవాయితీ. కొన్నిసార్లు నిజంగానే లోపాలు లేక అలా రాస్తారు, ఎక్కువసార్లు పరీక్షించక. అలాంటప్పుడు కింద జనం రాసిన మాటల్లోకి దిగాలి. మొదటి పేజీలో అందరూ "సూపర్, థాంక్యూ" అంటారు, వాటికి విలువ లేదు. చివరి రెండు మూడు పేజీలు చదవండి. వేసుకుని నెలలు వాడినవాళ్లు అక్కడ ఉంటారు. ఒకే ఫిర్యాదు వేర్వేరు మనుషుల నోట వస్తోందా? "రాత్రి పెడితే తెల్లారేసరికి ఆఫ్ అయిపోతోంది" అని ఇద్దరు ముగ్గురు రాస్తే, దానికి మెయింటైనర్ జవాబు ఇచ్చాడా, తర్వాతి బిల్డ్‌లో సరిచేశాడా చూడండి.

మూడోది, అసలు లోపాల ఊసే లేని పేజీ. మోడల్‌తో సంబంధం లేకుండా తళతళలాడే బొమ్మలు, డౌన్‌లోడ్ బటన్ చుట్టూ ప్రకటనలు. అటు వెళ్లకండి.

ఇంకో రెండు గుర్తులు చెబుతాను. ఎస్ఈలైనక్స్ పర్మిసివ్ అని రాసి ఉంటే, భద్రతా నియమాలు సరిగ్గా అమర్చడం చేతకాక తాళం తీసి పెట్టారని అర్థం. మెయిల్ అకౌంటు పెట్టే ట్యాబ్‌లో అది వద్దు. రెండోది, కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే ఆండ్రాయిడ్ పునాది భాగం) సోర్స్ కోడ్ లింకు. లైనక్స్ కెర్నల్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది, మార్చి పంచినవాళ్లు సోర్స్ ఇవ్వాలి. ఆ లింకు లేని రోమ్ అంటే నాకు నమ్మకం కుదరదు. లింకు ఉంటే ఇంకో లాభం: కోడ్‌లో చివరి మార్పు ఏ తేదీన జరిగిందో చూస్తే ప్రాజెక్టుకి ఊపిరి ఉందో లేదో తెలుస్తుంది.

అయితే ప్రతి ఫిర్యాదూ రోమ్ నెత్తిన వేయకండి. ట్యాబ్ ఎస్5ఈ కొత్తగా వచ్చిన 2019లోనే, అడ్డంగా పట్టుకుని ఒక మూలని చెయ్యి కప్పేస్తే వైఫై పడిపోతోందని కొన్నవాళ్లు గోల పెట్టారు. యాంటెన్నా ఉన్న చోటు అలాంటిది. ఏ రోమ్ వేసినా అది పోదు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో ఉన్నప్పుడు కూడా ఉన్న జబ్బేనా అని ఒకసారి వెతికి చూసుకుంటే అనవసరంగా రోమ్‌లు మార్చే పని తప్పుతుంది.

5. ఇప్పుడు వెర్షన్ చూడండి

కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉన్నాయి. వాటి మధ్య ఉన్నదే మీది.

కింది హద్దు యాప్‌లు పెడతాయి. 2025లో వచ్చిన క్రోమ్ 139 నుంచి ఆండ్రాయిడ్ 10 లేనిదే కొత్త వెర్షన్లు రావు. మరీ పాత ఆండ్రాయిడ్‌కి ఇంకో చిక్కు. చాలా వెబ్‌సైట్లు వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లని 7.1.1 కన్నా ముందు ఆండ్రాయిడ్ నేరుగా గుర్తుపట్టదు. పాత పరికరాల కోసం పెట్టిన ప్రత్యామ్నాయ ఏర్పాటు కూడా 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. మీ పాత ట్యాబ్‌లో ఉన్నట్టుండి సగం సైట్లు "సురక్షితం కాదు" అని మొరాయించడానికి ఇదొక కారణం. కాబట్టి కస్టమ్ రోమ్ వేసే శ్రమ పడేటప్పుడు ఆండ్రాయిడ్ 10కి తగ్గకండి.

పై హద్దు కెర్నల్ పెడుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి నెట్ వాడకాన్ని లెక్కగట్టే పని పాత ఐపీటేబుల్స్ పద్ధతి నుంచి ఈబీపీఎఫ్ అనే కొత్త కెర్నల్ సదుపాయానికి మారింది. పాత కెర్నల్‌లలో ఆ సదుపాయం లేదు. వెనక్కి తెచ్చి అతికించాలి, అది చిన్న పని కాదు. అందుకే ఎన్నో పాత పరికరాలు లైనేజ్ 18.1 దగ్గర, అంటే ఆండ్రాయిడ్ 11 దగ్గర ఆగిపోయాయి. లైనేజ్ వాళ్లు లైనేజ్ 20 విడుదల చేసినప్పుడు కూడా ఈ కారణంతోనే 18.1ని తీసేయకుండా, కొత్త ఫీచర్లు ఆపి, నెలకోసారి భద్రతా ప్యాచ్‌లు కలిపి బిల్డ్ చేసే పద్ధతి పెట్టారు. నెక్సస్ 7 2013కి లైనేజ్ 18.1 వచ్చింది. దానికి ముందు ఆండ్రాయిడ్ ఉండే సిస్టమ్ పార్టిషన్‌ని పెంచుకోవాలి, ఎందుకంటే గూగుల్ అప్పట్లో ఇచ్చిన గది కొత్త ఆండ్రాయిడ్‌కి చాలదు.

లైనేజ్ నంబర్లు చూసి తికమక పడకండి. 17.1 అంటే ఆండ్రాయిడ్ 10, 18.1 అంటే 11, 19.1 అంటే 12, 20 అంటే 13, 21 అంటే 14, 22 అంటే 15.

ఇక ర్యామ్. ఇది నా అనుభవం మీద చెప్పే మాట, శాసనం కాదు. 2 జీబీ ట్యాబ్‌కి ఆండ్రాయిడ్ 10 లేదా 11 దగ్గర ఆగండి, గూగుల్ యాప్‌లు అతి తక్కువగా వేయండి. 3 జీబీ అయితే 12, 13 వరకు ఫర్వాలేదు. 4 జీబీ ఉంటే మెయింటైనర్ ఇచ్చిన తాజా వెర్షన్ నిశ్చింతగా వేసుకోవచ్చు. ట్యాబ్ ఎస్5ఈ దీనికి మంచి ఉదాహరణ. శాంసంగ్ ఆండ్రాయిడ్ 11 దగ్గర వదిలేసిన ఆ ట్యాబ్‌కి లైనేజ్ ఆ తర్వాతి వెర్షన్లు కూడా ఇచ్చింది. 1 జీబీ ర్యామ్ ఉన్న 2012 నాటి నెక్సస్ 7 లాంటివాటి మీద ఆండ్రాయిడ్ ఆశ పెట్టుకోకండి. గోడ గడియారంగానో ఫొటో ఫ్రేముగానో పనికొస్తాయి.

మీ ట్యాబ్ ఆండ్రాయిడ్ 8 లేదా ఆ పైన వెర్షన్‌తో కొత్తగా వచ్చిందైతే, దానికంటూ ప్రత్యేక రోమ్ లేకపోయినా జీఎస్ఐ అనే సార్వత్రిక ఇమేజ్ ఎక్కే అవకాశం ఉంది. ఆండ్రాయిడ్‌నీ హార్డ్‌వేర్ కోడ్‌నీ విడదీసే ట్రెబుల్ అనే ఏర్పాటు వల్ల ఇది కుదురుతుంది. కానీ అందరికీ కుట్టిన చొక్కా ఎవరికీ సరిగ్గా పట్టదు. బ్లూటూత్ శబ్దమో, వెలుతురు సర్దుబాటో ఏదో ఒకటి తేడా వస్తుంది. నిలకడ కావాలంటే ఇది చిట్టచివరి దారి.

6. తాళం తీసే ముందు

బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు కాబట్టి ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్, పిల్లల వాయిస్ రికార్డింగులు ముందే కంప్యూటర్‌లోకి లాగేసుకోండి. గూగుల్ అకౌంటు, శాంసంగ్ అకౌంటు రెండూ ట్యాబ్ నుంచి తీసేయండి. లేకపోతే రీసెట్ తర్వాత పాత పాస్‌వర్డ్ అడిగి కూర్చుంటుంది.

శాంసంగ్ అయితే అబౌట్ ట్యాబ్లెట్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్లి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ఓఈఎమ్ అన్‌లాక్ ఆన్ చేయాలి. ఆ మీట అసలు కనిపించకపోతే కంగారు పడకండి. ట్యాబ్‌ని వైఫైకి కలిపి వారం రోజులు మామూలుగా వాడుతూ ఉంటే చాలాసార్లు వస్తుంది.

ఒకటి మాత్రం తెలిసే చేయండి. శాంసంగ్‌లో కస్టమ్ సాఫ్ట్‌వేర్ ఎక్కిన మరుక్షణం నాక్స్ అనే శాంసంగ్ భద్రతా వ్యవస్థ ఫ్యూజు తెగుతుంది. మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసినా అది అతకదు, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఇక తిరిగి రావు. వారంటీ ఎప్పుడో అయిపోయిన ట్యాబ్‌కి పెద్ద నష్టం కాదనుకోండి.

వెనక్కి రావడానికి దారి కూడా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. మీ మోడల్‌కి, మీ ప్రాంతానికి సరిపడే కంపెనీ ఫర్మ్‌వేర్, అంటే అసలు సాఫ్ట్‌వేర్, దించి కంప్యూటర్‌లో పెట్టుకోండి. శాంసంగ్ ఫర్మ్‌వేర్ పేరులో చివరి నుంచి ఐదో అక్షరం బూట్‌లోడర్ సంఖ్య. ట్యాబ్‌లో ఉన్నదానికన్నా తక్కువ సంఖ్య ఉన్న ఫర్మ్‌వేర్‌ని అది ఒప్పుకోదు.

7. వేయడం

ప్రతి మోడల్‌కి వరుస కొద్దిగా మారుతుంది. మీ కోడ్‌నేమ్ పేజీలో రాసిన వరుసే వేదవాక్కు, అక్కడ లేని మెట్టు యూట్యూబ్‌లో చూసి కలపకండి. శాంసంగ్ ట్యాబ్‌లలో మొత్తం మీద జరిగేది ఇది.

ఫైలు దించాక, అది పాడవకుండా వచ్చిందో లేదో చెప్పే ఎస్‌హెచ్ఏ256 సంఖ్య సరిచూడండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో వస్తుంది. పేజీలో ఇచ్చిన పొడవాటి సంఖ్యతో అది కలవాలి. ట్యాబ్ ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి. కేబుల్ మంచిదై ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు మన ఇళ్లలో బోలెడు.

ట్యాబ్ ఆఫ్ చేసి, వాల్యూమ్ బటన్లు రెండూ నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కి కలిపిన కేబుల్ గుచ్చితే కొత్త మోడళ్లలో ఫైళ్లు ఎక్కించే డౌన్‌లోడ్ మోడ్ వస్తుంది. హోమ్ బటన్ ఉన్న పాతవాటిలో హోమ్, పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కాలి. కొత్త మోడళ్లలో అదే తెర మీద బూట్‌లోడర్ అన్‌లాక్ ఖాయం చేస్తారు. తర్వాత కంప్యూటర్‌లో ఓడిన్ అనే ప్రోగ్రామ్ తెరిచి, కస్టమ్ రికవరీ (రోమ్ వేయడానికి వాడే చిన్న వ్యవస్థ) ఫైలుని ఏపీ గడిలో పెట్టి, ఆప్షన్లలో ఆటో రీబూట్ టిక్ తీసేసి స్టార్ట్ నొక్కండి. పాస్ అని పచ్చగా వచ్చాక ట్యాబ్‌ని మామూలుగా ఆన్ అవనివ్వకూడదు. అలా ఆన్ అయితే పాత ఆండ్రాయిడ్ లేచి రికవరీని మళ్లీ తనదిగా మార్చేసుకుంటుంది. బటన్లతో నేరుగా రికవరీలోకి వెళ్లాలి.

అక్కడ ఫ్యాక్టరీ రీసెట్‌లో ఫార్మాట్ డేటా చేసి, అప్లై అప్‌డేట్‌లోకి వెళ్లి, కంప్యూటర్ నుంచి ఏడీబీ అనే టూల్‌లోని సైడ్‌లోడ్ ఆదేశంతో రోమ్ పంపండి. ఇక్కడ చాలామంది గుండె ఆగే చోటు ఒకటుంది. కంప్యూటర్ తెర మీద లెక్క 47 శాతం దగ్గర ఆగిపోతుంది. చాలాసార్లు అక్కడితో పని పూర్తయినట్టే, ఆ లెక్క అలాగే చూపిస్తుంది. కేబుల్ పీకేయకండి, ట్యాబ్ తెర మీద ఏం రాసిందో చూడండి.

గూగుల్ యాప్‌లు కావాలంటే మొదటిసారి ఆన్ చేయకముందే, ఇదే రికవరీ నుంచి వేయాలి. ఆన్ అయ్యాక వేస్తే ఒకటే క్రాష్‌లు. లైనేజ్‌కి మైండ్‌ద జీఆప్స్ అనే గూగుల్ యాప్‌ల ప్యాకేజీ సరిపోతుంది. ఆండ్రాయిడ్ వెర్షన్, చిప్ రకం రెండూ కలవాలి, 32 బిట్ ఆర్మ్, 64 బిట్ ఆర్మ్64 వేర్వేరు. సంతకం సరిపోలేదు, అయినా వేయమంటారా అని అడుగుతుంది, ఎస్ అనండి. మొదటి బూట్‌కి చాలాసేపు పట్టొచ్చు. ఓ పావుగంట దాటినా లోగో దగ్గరే తిరుగుతుంటే రికవరీలోకి వెళ్లి మళ్లీ ఫార్మాట్ డేటా చేసి చూడండి. ఎక్కువ బూట్‌లూప్‌లకి మందు అదే.

8. రెండు రోజులు ఉతికి చూడండి

అకౌంట్లన్నీ ఎక్కించేసి అమ్మ చేతికి ఇచ్చేయకండి. మొదటి సాయంత్రం వైఫై, బ్లూటూత్ స్పీకరు, రెండు కెమెరాలు, మైకు, తెర తిరగడం, మెమరీ కార్డు ఒక్కొక్కటీ చూడండి. వీడియో కాల్ ఒకటి చేయండి, మైకు సంగతి అందులోనే బయటపడుతుంది. రాత్రి పడుకునే ముందు బ్యాటరీ శాతం చూసుకుని, వైఫై ఆన్‌లోనే ఉంచి వదిలేయండి. తెల్లారేసరికి నాలుగైదు శాతం తగ్గితే మామూలే. ఇరవై ముప్పై తగ్గితే ట్యాబ్ నిద్రపోవడం లేదన్నమాట. గూగుల్ సేవలు మొదటి రోజు వెనకాల ఏదో ఒకటి దించుకుంటూ ఉంటాయి కాబట్టి రెండో రాత్రి లెక్కే లెక్క. అప్పుడూ అంతే ఉంటే, గూగుల్ యాప్‌లు లేకుండా ఒకసారి వేసి చూడండి. తగ్గితే తప్పు రోమ్‌ది కాదు.

ఈ పరికరం సర్టిఫై కాలేదు అని ప్లే స్టోర్ అంటే, పరికరం ఐడీని గూగుల్ పేజీలో మీ అకౌంటు కింద నమోదు చేసుకోవచ్చు, అందుకు దారి ఉంది. గూగుల్ లేకుండా ఉండదలిస్తే యాప్‌ల కోసం ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ వేసుకోండి. తెలుగు టైపింగ్‌కి హెలిబోర్డ్, యూట్యూబ్ వీడియోలకి న్యూపైప్ రెండూ అందులో దొరుకుతాయి.

అంతా కుదిరాక అప్‌డేట్ల సంగతి. లైనేజ్ అధికారిక బిల్డ్ అయితే సెట్టింగ్స్‌లోనే అప్‌డేటర్ ఉంటుంది. వచ్చిన ప్రతిదీ అదే రోజు వేయకండి. కొన్ని రోజులు ఆగి, ఎవరూ గోల పెట్టకపోతే వేయండి. నెలకొకటి చాలు. 18.1 నుంచి 20 లాంటి పెద్ద గంతు అయితే అప్‌డేటర్‌తో అవదు. మళ్లీ పేజీలో చెప్పిన పద్ధతిలో, కొత్త వెర్షన్‌కి తగ్గ గూగుల్ యాప్‌లతో చేయాలి. ట్యాబ్ హాయిగా నడుస్తుంటే, పాత వెర్షన్‌కి ప్యాచ్‌లు ఇంకా వస్తుంటే, ఆ గంతుకి తొందరేమీ లేదు.